రాలిన జుట్టు వెనక మూడు నెలలు: రాత్రి డ్యూటీ చేసే ఒక యువతి కేస్ స్టడీ

ఈ కేసులోని యువతి వయసు 29 ఏళ్ళు. హైదరాబాద్‌లో ఏఆర్ కాలర్‌గా పనిచేస్తుంది. అమెరికా ఆసుపత్రుల బిల్లుల విషయమై అక్కడి ఇన్సూరెన్స్ కంపెనీలతో ఫోన్‌లో మాట్లాడే ఉద్యోగం అది. అక్కడి పగలు మనకు రాత్రి కనుక సాయంత్రం ఆరున్నరకు క్యాబ్ ఎక్కి, తెల్లవారుజామున నాలుగు దాటాక హాస్టల్‌కు చేరుతుంది. ఏప్రిల్ చివరి వారం నుంచి జుట్టు విపరీతంగా ఊడుతోందని, డిసెంబరులో పెళ్ళి ఉందని, 2024 జూన్‌లో తల్లితో కలిసి ఖమ్మంలోని మా క్లినిక్‌కు వచ్చింది. ఆమె అనుమతితో, ఎవరన్నది తెలియకుండా కొన్ని వివరాలు మార్చి ఈ కేసు రాస్తున్నాను.

జుట్టు ఊడడానికి జీవనశైలే కారణమన్న మాట ఇప్పుడు అందరి నోటా వినిపిస్తోంది. ఆ మాట తప్పు కాదు, కానీ దానితో వైద్యం మొదలుపెట్టలేం. ఏ అలవాటు ఏ దారిలో కుదుళ్ళ దాకా వెళ్ళింది, అది ఎన్ని నెలల కిందటిది, దానితో పాటు వంశపారంపర్యంగా వచ్చినది ఎంత అన్నవి విడదీసి చూస్తే తప్ప, నూనె మార్చాలో, తిండి మార్చాలో, మందు రాయాలో తేలదు. ఈ యువతిలో ఇవన్నీ ఒకేసారి కలిసి ఉన్నాయి. అందుకే ఈ కేసును వివరంగా రాయాలనిపించింది.

కవర్లో తెచ్చిన జుట్టు

నేను అడగకముందే తల్లి బ్యాగులోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పెట్టారు. మూడు రోజులుగా దువ్వెనకు వచ్చినదీ, బాత్‌రూమ్ జాలీలో చిక్కుకున్నదీ, దిండు మీద రాలినదీ అందులో ఉండచుట్టి ఉంది. “వేర్లతో సహా ఊడిపోతున్నాయి మేడం, వేరే పోయాక మళ్ళీ ఎట్లా మొలుస్తాయి?” అని ఆమె అడిగారు. ఈ ప్రశ్న దాదాపు ప్రతి తల్లీ అడుగుతారు. దీనికి మాటల్లో చెప్పడం కంటే చూపించడమే మంచిదని ఆ ఉండను తెల్లకాగితం మీద విడదీసి, భూతద్దం కింద ఇద్దరికీ చూపించాను.

అందులో ఎక్కువ భాగం పొడవాటి వెంట్రుకలు. ఒక్కొక్కదాని చివర ఆవగింజ కంటే చాలా చిన్న తెల్లటి ముడి ఉంది. తల్లి వేరు అనుకున్నది ఆ ముడినే. అది వేరు కాదు. పెరుగుదల పూర్తిచేసి విశ్రాంతి దశకు వచ్చిన వెంట్రుకకు అడుగున గట్టిపడిన కొస మాత్రమే. కొత్త వెంట్రుకను పుట్టించే భాగం చర్మం లోపలే మిగిలి ఉంటుంది. కనుక తెల్లముడితో రాలిన వెంట్రుక స్థానంలో మరొకటి వచ్చే అవకాశం బాగా ఉంటుంది.

రెండో రకం, ముడి లేకుండా రెండు చివర్లా తెగిన చిన్న ముక్కలు. ఇవి కుదురు నుంచి ఊడినవి కావు, మధ్యలో తునిగినవి. మూడో రకం కొద్దిగానే ఉన్నా నన్ను ఆలోచనలో పడేసింది: మూడు సెంటీమీటర్లు కూడా లేని, పట్టుదారం కంటే పలచని వెంట్రుకలు. వాటికీ చివర తెల్లముడి ఉంది, రెండో కొస సన్నగా కూసుగా ఉంది. అంటే అవి తెగినవి కావు. అంతకు మించి పెరగకుండానే రాలిపోయినవి. కుదుళ్ళు కుంచించుకుపోతున్నాయనడానికి ఇది గుర్తు. మూడు రకాల వెంట్రుకలకు మూడు వేర్వేరు కారణాలు ఉంటాయన్న సంగతి, ఇంకా తల చూడకముందే, ఆ కాగితం మీదే అర్థమైంది.

క్యాలెండర్ ముందు పెట్టుకుని

తల మీద దాదాపు లక్ష వెంట్రుకలు ఉంటాయి. వాటిలో నూటికి 85 నుంచి 90 వరకు ఎప్పుడూ పెరుగుదల దశలోనే ఉంటాయి. ఈ దశ రెండు నుంచి ఆరేళ్ళు సాగుతుంది. తర్వాత రెండు మూడు వారాల సంధి దశ, ఆపైన సుమారు మూడు నెలల విశ్రాంతి దశ. ఆ తర్వాతే వెంట్రుక రాలుతుంది. ఈ లెక్కన రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజం. శరీరానికి ఏదైనా పెద్ద దెబ్బ తగిలినప్పుడు, ఉదాహరణకు తీవ్ర జ్వరం, ప్రసవం, ఆపరేషన్, ఒక్కసారిగా బరువు తగ్గడం జరిగినప్పుడు, పెరుగుతున్న వెంట్రుకలు పెద్ద సంఖ్యలో ఒకేసారి విశ్రాంతి దశకు వెళ్ళిపోతాయి. అయితే అవి ఆ రోజే రాలవు. రెండు మూడు నెలలు కుదురులోనే ఉండి, ఆ తర్వాత గుంపుగా రాలతాయి. దీన్నే టీలోజెన్ ఎఫ్లూవియం అంటాం. 1961లో ఆల్బర్ట్ క్లిగ్‌మన్ ఈ స్థితిని ఈ పేరుతో వర్ణించారు.

రోగులు మాత్రం జుట్టు ఊడడం మొదలైన వారంలో ఏం మారిందని వెతుకుతారు. ఈ యువతి కూడా ఏప్రిల్‌లో మార్చిన షాంపూ మీదా, హాస్టల్ బోరు నీళ్ళ మీదా అనుమానం పెట్టుకుని వచ్చింది. నేను అడిగింది జనవరి, ఫిబ్రవరి నెలల సంగతి. సంబంధం కుదిరింది జనవరిలో, నిశ్చితార్థం మార్చిలో. ఆ మధ్యలో సన్నబడాలని 74 కిలోల నుంచి పదకొండు వారాల్లో 61 కిలోలకు వచ్చింది. మధ్యాహ్నం నిద్ర లేచాక రెండు చపాతీలు, కొంచెం కూర. రాత్రి డ్యూటీలో కీరా ముక్కలు, క్యారెట్, ఐదారు టీలు. తెల్లవారి వచ్చాక ఏమీ తినకుండా నిద్ర. ఆమె ఎత్తుకు ఆ బరువు తగ్గడం మంచిదే. కానీ తగ్గిన వేగం, తగ్గించుకున్న తీరు ప్రమాదకరమైనవి. లెక్క వేస్తే రోజుకు 30 గ్రాముల ప్రొటీన్ కూడా అందలేదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వారి 2020 సిఫారసు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు. ఆమెకు అది 50 గ్రాములకు కాస్త పైన వస్తుంది.

ఇక్కడ ఇంకో పాత విషయం బయటపడింది. 2022 సెప్టెంబరులో ఆమెకు డెంగీ వచ్చింది. ఆ డిసెంబరులో జుట్టు ఇలాగే ఊడింది. అప్పుడు ఎవరో చెప్పిన ఒక మూలికల నూనె వాడారు. వేసవి వచ్చేసరికి ఊడడం తగ్గింది. ఆ నూనె మీద కుటుంబానికి గట్టి నమ్మకం కుదిరింది. అందుకే ఈసారి కూడా ఏప్రిల్ నుంచి రెండు నెలలు అదే నూనె రాస్తూ, తగ్గుతుందని ఎదురుచూశారు. డెంగీ వంటి జ్వరం తర్వాత వచ్చే టీలోజెన్ ఎఫ్లూవియం, కారణం ఒక్కసారికే పరిమితమై ఉంటుంది కనుక, ఏ మందూ వాడకపోయినా సాధారణంగా ఆరు నెలల్లోపు తనంతట తానే సర్దుకుంటుంది. ఆ సమయంలో ఏది వాడుతూ ఉంటే దానికి పేరు వస్తుంది. జుట్టు నూనెల వ్యాపారంలో సగం ఈ ఆరు నెలల మీదే నడుస్తోందని నా అభిప్రాయం. ఈసారి నూనె పనిచేయకపోవడానికి కారణం నూనె మారడం కాదు. జుట్టును ఊడగొడుతున్న కారణం ఇంకా ఒంట్లోనే ఉండడం.

తల పరీక్ష

నడినెత్తి మీద పాపిట వెడల్పును మెడ పైభాగంలో తీసిన పాపిటతో పోల్చి చూశాను. పైన స్పష్టంగా వెడల్పు ఎక్కువ. సుమారు 50, 60 వెంట్రుకల కుచ్చును వేళ్ళ మధ్య పట్టి మెల్లగా లాగే పరీక్షలో నడినెత్తి, రెండు పక్కలు, వెనక భాగం, నాలుగు చోట్లా ఎనిమిది, తొమ్మిది చొప్పున వచ్చాయి. తల వెనక భాగంలో కూడా ఊడుతోందంటే అది వంశపారంపర్య పలచబడడం ఒక్కటే కాదని అర్థం. మాడును పెద్దదిగా చేసి చూపే డెర్మోస్కోప్‌తో చూస్తే నడినెత్తిన పక్కపక్కనే లావు, సన్నం వెంట్రుకలు కలిసి కనిపించాయి. వెనక భాగంలో అన్నీ ఒకే మందం. కవర్లో దొరికిన పొట్టి పలచని వెంట్రుకల సంగతి ఇక్కడ రుజువైంది. తల్లి పాపిట కూడా వెడల్పుగానే ఉంది, తండ్రికి నలభైలోపే బట్టతల వచ్చింది. తండ్రి వైపు నుంచీ తల్లి వైపు నుంచీ కూడా ఈ గుణం రావచ్చు.

నుదుటి పైన, కణతల దగ్గర తెగిన పొట్టి వెంట్రుకలు ఉన్నాయి. నిశ్చితార్థానికి ముందు పార్లర్‌లో స్మూత్‌నింగ్ చేయించుకుంది, ఆ తర్వాత కూడా తడి జుట్టు మీదే వేడి ఐరన్ పరికరం పెట్టి సాపు చేసుకునేది. తడిగా ఉన్న వెంట్రుకలోని నీరు ఆ వేడికి లోపలే ఆవిరై బుడగలు కట్టి, వెంట్రుక అక్కడే విరిగిపోతుంది. దానికి తోడు, హెడ్‌సెట్ కింద ఇబ్బంది లేకుండా ఉండాలని తొమ్మిది గంటల పాటు జుట్టును వెనక్కి బిగించి ముడి వేసుకునేది. ఏళ్ళ తరబడి ఇలా బిగించి లాగితే కణతల దగ్గర కుదుళ్ళే పాడై, ఆ జుట్టు తిరిగి రాని స్థితి వస్తుంది. ఈమెకు అంత దూరం రాలేదు.

మాడు మీద జిడ్డుగా ఉన్న పసుపు పొట్టు కూడా కనిపించింది. తలంటుకున్న రోజు ఎక్కువ ఊడుతోందని భయపడి పది రోజులకోసారి మాత్రమే తలస్నానం చేస్తోంది, మధ్యలో రెండు మూడు రాత్రులు నూనె పట్టిస్తోంది. తలస్నానం జుట్టును ఊడగొట్టదు. పది రోజులుగా ఊడి, తలలోనే చిక్కుకుని ఉన్నదంతా ఆ రోజు ఒకేసారి బయటికి వస్తుంది. చుండ్రుకు కారణమయ్యే మలసీజియా అనే శిలీంధ్రం మాత్రం కొవ్వుల మీదే బతుకుతుంది కనుక, చుండ్రు ఉన్న మాడుకు రాత్రంతా నూనె పట్టించడం దానికి మేత వేయడమే.

కొబ్బరినూనెను నేను తిట్టను. 2003లో వెలువడిన ఒక మంచి పరిశోధనలో కొబ్బరినూనె వెంట్రుక కాండంలోకి చొచ్చుకుపోయి, కడిగేటప్పుడు పోయే ప్రొటీన్‌ను తగ్గిస్తుందని తేలింది. పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ ఆ పని చేయలేకపోయాయి. అయితే ఈ మేలంతా అప్పటికే బయటికి వచ్చిన వెంట్రుకకు. కుదురుకు ఆహారం రక్తం నుంచి అందుతుంది, పైన రాసే నూనె నుంచి కాదు.

రక్తపరీక్షలు, ఒక తప్పుదారి

ఆమె దగ్గర మే నెలలో హైదరాబాద్‌లో చేయించిన రిపోర్టు ఒకటి ఉంది. అందులో టీఎస్‌హెచ్ 0.08. ఇది థైరాయిడ్‌ను నడిపించే హార్మోను, థైరాయిడ్ ఎక్కువైతే ఇది బాగా తగ్గుతుంది. ఆ అంకె చూసి థైరాయిడ్ ఎక్కువైందని, జుట్టు అందుకే ఊడుతోందని ఎవరైనా అనుకుంటారు. కానీ గుండెదడ లేదు, చేతుల వణుకు లేదు, మెడ దగ్గర వాపు లేదు. వాడుతున్న మందులన్నీ బయట పెట్టమంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న బయోటిన్ అనే విటమిన్ మాత్రలు బయటికి వచ్చాయి, రోజుకు 10 మిల్లీగ్రాములు. ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని రకాల ల్యాబ్ యంత్రాల లెక్కను తప్పుదారి పట్టించి, టీఎస్‌హెచ్‌ను ఉన్నదాని కంటే తక్కువగా చూపిస్తుంది. గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్షనూ ఇది తప్పుగా చూపించగలదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. మాత్రలు మాన్పించి, కొన్ని రోజులాగి మళ్ళీ పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ 2.1 వచ్చింది. థైరాయిడ్ మామూలుగానే ఉంది. మామూలు తిండి తినేవారిలో బయోటిన్ లోపం చాలా అరుదు. లోపం లేనివారికి ఆ మాత్రలు జుట్టు మొలిపిస్తాయనడానికి ఆధారం లేదు. అవసరం లేని మాత్ర రోగిని ఎంత దూరం తిప్పగలదో చెప్పడానికి ఈ ఒక్క రిపోర్టు చాలు.

అసలు సంగతి వేరే చోట ఉంది. హీమోగ్లోబిన్ 10.2, ఎర్రకణాల పరిమాణం తక్కువ, ఒంట్లోని ఇనుము నిల్వలను చెప్పే ఫెరిటిన్ 8. ఒంట్లో వాపు, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ అబద్ధంగా పెరిగి కనిపిస్తుంది కనుక ఒంట్లో వాపును తెలిపే సీఆర్‌పీ పరీక్ష కూడా చేయించాను, అది మామూలుగా ఉంది. ఫెరిటిన్ 15 కంటే తక్కువ ఉంటే ఇనుము నిల్వలు అడుగంటినట్టే లెక్క. జుట్టు ఊడే స్త్రీలలో అది 40కి పైన ఉండేలా చూడాలని చాలామంది చర్మవైద్యులు కోరుకుంటారు, నేనూ అదే పాటిస్తాను. విటమిన్ డి తక్కువగా ఉంది, పగలంతా నిద్రపోయే మనిషిలో అది ఊహించినదే.

ఇనుము లోపం ఈమె ఒక్కదానిదే కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. జుట్టు గురించి వచ్చిన ప్రతి యువతికీ ఈ పరీక్ష ఎందుకు రాస్తారని అడిగేవారికి ఈ అంకెలే సమాధానం. ఈమె విషయంలో మూడు దారుల్లో ఇనుము కరిగిపోయింది. మాంసం, గుడ్డు, పప్పు మానేసింది. తిన్న కొద్దిపాటి తిండితో పాటే టీ తాగింది. టీలోని టానిన్లు శాకాహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. మూడోది ఏడు రోజుల పాటు వచ్చే నెలసరి. ఈ సంగతి చెప్పడానికి ఆమె సంకోచించింది, నేను తల్లిని కాసేపు బయట కూర్చోబెట్టి అడిగాకే చెప్పింది. గైనకాలజిస్టు దగ్గరికి పంపి స్కానింగ్ చేయిస్తే గడ్డలేవీ లేవు. ఆహారం గురించి ఎంత మాట్లాడినా నెలసరి గురించి అడగకపోతే ఇనుము లెక్క ఎప్పటికీ కుదరదు.

నిర్ధారణ

వేగంగా బరువు తగ్గడం వల్ల, ఇనుము లోపం వల్ల వచ్చిన టీలోజెన్ ఎఫ్లూవియం, దాని కింద అప్పటిదాకా కనిపించకుండా ఉన్న తొలి దశ స్త్రీ తరహా వంశపారంపర్య పలచబడడం, వేడి వల్ల తునగడం, జిడ్డు చుండ్రు.

రాత్రి డ్యూటీ సంగతి చాలామంది అడుగుతారు. నిద్ర చెదిరితే నేరుగా జుట్టు ఊడుతుందని మనుషుల్లో గట్టిగా నిరూపణ కాలేదు. ఎలుకల్లో ఒత్తిడి హార్మోను కుదుళ్ళలోని మూలకణాలను ఎక్కువ కాలం విశ్రాంతిలో ఉంచుతుందని 2021లో హార్వర్డ్ పరిశోధకులు చూపించారు, కానీ దాన్ని అలాగే తెచ్చి ఈ యువతికి అన్వయించలేం. ఆమె విషయంలో రాత్రి డ్యూటీ చేసిన హాని కళ్ళకు కనిపించేదే: అది పూటల లెక్కను చెరిపేసింది. ఇంట్లో వండే వేళకు ఆమె నిద్రలో ఉంటుంది, ఆమె మేలుకున్న వేళకు హాస్టల్ మెస్ మూసి ఉంటుంది, మధ్యలో దొరికేది టీ మెషిన్. కనుక ఉద్యోగం మానమని చెప్పలేదు. ఆ ఉద్యోగం చుట్టూ తిండిని ఎలా అమర్చాలో కూర్చుని రాసుకున్నాం.

చికిత్స

ఇనుము మాత్ర, 60 మిల్లీగ్రాముల అసలు ఇనుము ఉన్నది, రోజు విడిచి రోజు. ఒకసారి మాత్ర వేసుకున్నాక మరో రోజు దాకా ఇనుమును అడ్డుకునే హెప్సిడిన్ అనే హార్మోను పెరిగి ఉంటుంది. అందుకే నిల్వలు తగ్గిన స్త్రీలలో రోజు విడిచి రోజు ఇస్తే ప్రతి మాత్రలోంచి ఎక్కువ శాతం ఒంటికి పడుతుంది, కడుపులో ఇబ్బందీ తక్కువ. మధ్యాహ్నం లేవగానే నిమ్మకాయ నీళ్ళతో వేసుకోవాలి, తొలి టీ దానికి కనీసం గంట తర్వాతే. మలం నల్లగా వస్తుందని ముందే చెప్పాను. అది చెప్పకపోతే సగం మంది భయపడి మధ్యలోనే మానేస్తారు.

తిండిలో మార్పు ఆమె పరిస్థితికి తగ్గట్టుగా ఉండాలి. హాస్టల్ గదిలో గుడ్లు ఉడికించే చిన్న ఎలక్ట్రిక్ పాత్ర కొనుక్కుంది. డ్యూటీకి బయలుదేరే ముందు అన్నం, గట్టి పప్పు లేదా కోడికూర; రాత్రి ఒంటి గంట బ్రేక్‌లో రెండు ఉడికించిన గుడ్లు, వేయించిన శనగలు, ఒక జామకాయ; తెల్లవారి వచ్చాక పెరుగన్నం. టీ రెండు కప్పులకు మించకుండా, భోజనానికి ముందూ వెనకా గంట ఎడంతో. ఒక్కో గుడ్డులో ఆరు గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, వంద గ్రాముల చికెన్‌లో ఇరవై పైనే. ఇలా 55 గ్రాముల దాకా వచ్చింది. తోటకూర, గోంగూర, నువ్వులు, సజ్జరొట్టె తినమన్నాను. అయితే బెల్లం, ఖర్జూరం తింటే రక్తం పడుతుందన్న తల్లి నమ్మకాన్ని మాత్రం సున్నితంగా పక్కన పెట్టించాను. వాటిని తినే కొద్ది పరిమాణంలో అందే ఇనుము, ఇంత లోతైన లోపాన్ని పూడ్చలేదు.

మాడుకు శిలీంధ్రాన్ని తగ్గించే కీటోకొనజోల్ 2 శాతం షాంపూ వారానికి రెండుసార్లు, నురగ ఐదు నిమిషాలు ఉంచి కడగాలి. నూనె కావాలంటే తలస్నానానికి గంట ముందు, వెంట్రుకల పొడవుకే. జుట్టుకు వేడి ఐరన్, స్మూత్‌నింగ్ బంద్. ముడి వదులుగా, మెడ దగ్గరికి. విటమిన్ డి తగిన మోతాదులో రాశాను. జుట్టు పెరగడానికి మాడుకు రాసే మందు మినాక్సిడిల్ అప్పుడే మొదలుపెట్టలేదు, దాని కారణం తర్వాత చెబుతాను.

వెళ్ళే ముందు తల్లి ఇంకో మాట అడిగారు. తిరుమలలో గుండు చేయిస్తే కొత్త జుట్టు ఒత్తుగా వస్తుందా అని. కుదురు చర్మం కింద కొన్ని మిల్లీమీటర్ల లోతున ఉంటుంది, కల్యాణకట్ట మంగలి కత్తి అంత లోతుకు వెళ్ళదు. గొరిగితే వెంట్రుక మందం గానీ పెరిగే వేగం గానీ మారవని 1928లోనే కొలిచి చూపించారు. సహజమైన సన్నని కొస తెగిపోయి మొద్దుగా మొలవడం వల్ల చేతికి గరుకుగా, ఒత్తుగా అనిపిస్తుంది, అంతే. మొక్కు మొక్కుగా తీర్చుకోండి, దాన్ని వైద్యంగా లెక్కపెట్టవద్దని చెప్పాను. వాళ్ళు ఆ ఆగస్టులో కొండకు వెళ్ళి మూడు కత్తెర్లు ఇచ్చి వచ్చారు.

తర్వాత జరిగినది

ఆరో వారం వచ్చేసరికి ఆమె నిరాశలో ఉంది. తిండి మార్చింది, మాత్రలు వేసుకుంటోంది, అయినా ఊడడం ఆగలేదు. ఇది ప్రతి కేసులోనూ వచ్చే ఘట్టం, ఎక్కువ మంది ఇక్కడే డాక్టరును మారుస్తారు. ఆ వారం ఊడుతున్న వెంట్రుకలు మూడు నెలల కింద, అంటే చికిత్సకు ముందే, విశ్రాంతి దశకు వెళ్ళినవి. ఇప్పుడు తింటున్న గుడ్డు వాటిని ఆపలేదు. ఈ మాట తొలి రోజే చీటీ మీద తేదీతో సహా రాసి ఇచ్చాను: సెప్టెంబరు దాకా ఊడడం చూసి నిర్ణయాలు తీసుకోవద్దని. ఆమె ఆ చీటీని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంది.

సెప్టెంబరు చివరికి హీమోగ్లోబిన్ 11.9, ఫెరిటిన్ 26. లాగి చూసే పరీక్షలో పక్కలా, వెనకా ఒకటీ రెండుకు మించి రాలేదు. మాడు శుభ్రంగా ఉంది. పాపిట పొడవునా రెండు సెంటీమీటర్ల లోపు వెంట్రుకలు నిలువుగా లేచి ఉన్నాయి. అవి తెగినవేమో అని ఆమె భయపడింది. కొసలు సన్నగా ఉన్నాయి కనుక అవి కొత్తగా మొలిచినవని డెర్మోస్కోప్ తెర మీద చూపించాను.

అప్పుడు మినాక్సిడిల్ ప్రశ్న వచ్చింది. ఊడడం తగ్గినా నడినెత్తి పాపిట వెడల్పు పూర్తిగా పూడలేదు, వంశపారంపర్య భాగం తిండితో మారదు. అయితే మినాక్సిడిల్ మొదలుపెట్టిన తొలి వారాల్లో కొందరికి తాత్కాలికంగా ఎక్కువ ఊడుతుంది. అక్టోబరులో మొదలుపెడితే అది సరిగ్గా పెళ్ళి రోజుల్లో పడుతుంది. మూడు నెలలు ఆగినందువల్ల నష్టం పెద్దగా లేదు, పెళ్ళికి ముందు గుప్పెళ్ళకొద్దీ ఊడితే ఆ పిల్ల మనసు తట్టుకోదు. కనుక పెళ్ళయ్యాకే అనుకున్నాం. పెళ్ళికి సవరంతో పూలజడ వేస్తారని తెలుసు కనుక, ఆ బరువంతా ముహూర్తానికి ముందు వేసి, తలంబ్రాల తర్వాత తీసేయమని, రాత్రి రిసెప్షన్‌కు మళ్ళీ వేయవద్దని చెప్పాను. ఒక్క రోజు బిగువుతో కుదుళ్ళు పాడవవు, కానీ అప్పుడే మొలుస్తున్న జుట్టును పిన్నులతో బిగించి లాగడం ఎందుకని.

2025 జనవరిలో మినాక్సిడిల్ 5 శాతం, రోజుకు ఒకసారి. ఇది రాత్రి పడుకునే ముందు రాయమని మామూలుగా చెబుతారు, కానీ ఈమె పడుకునేది తెల్లవారాక, అలసిపోయి. తడి మందుతో దిండు మీద వాలితే అది ముఖానికి అంటి అక్కడ రోమాలు రావచ్చు. అందుకని సాయంత్రం డ్యూటీకి వెళ్ళడానికి రెండు గంటల ముందు రాసుకునేలా కుదుర్చుకున్నాం.

2025 జూన్‌లో, చికిత్స మొదలై ఏడాది నాటికి, ఫెరిటిన్ 52. ఒకే వెలుతురులో, ఒకే దూరం నుంచి, ఒకే దువ్వెనతో పాపిట తీసి తీసుకున్న ఫొటోలను పక్కపక్కన పెడితే తేడా స్పష్టంగా ఉంది. అయినా ఆమె ముఖంలో అసంతృప్తి ఉంది, కారణం జడ. మునుపు రబ్బరు బ్యాండ్ మూడు చుట్లు తిరిగితే జడ చివర బిగిసేది, ఇప్పటికీ ఐదు చుట్లు తిప్పాల్సి వస్తోందని చెప్పింది. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఏడాదిలో మొలిచినది పది, పన్నెండు సెంటీమీటర్లు. అది చెవి దాకా వస్తుంది, నడుము దాకా ఉన్న జడ చివరకు రావాలంటే ఇంకా ఐదేళ్ళు పడుతుంది. తల నిండినా జడ సన్నగా ఉండడం అందుకే. చివర్లు భుజాల కిందికి కత్తిరిస్తే పై భాగంతో సమానంగా కనిపిస్తుందని సూచించాను. ఆమె వారం ఆలోచించి కత్తిరించుకుంది.

పాపిట వెడల్పు పెళ్ళిచూపుల నాటి ఫొటోలో ఉన్నంత సన్నగా ఇంకా లేదు, పూర్తిగా అంతకు వస్తుందని నేను మాట ఇవ్వలేదు. మినాక్సిడిల్ వాడినంత కాలమే దాని ఫలితం నిలుస్తుందని ఆమెకు తెలుసు. సంతానం కోసం ప్రయత్నించే ముందు దాన్ని ఆపాలని, ఆపే ముందు నన్ను కలవాలని, అప్పటిదాకా ఆరు నెలలకోసారి ఫెరిటిన్ చూడాలని కేసు షీటులో రాశాను. ప్రసవమైన రెండు నుంచి నాలుగు నెలల మధ్య జుట్టు మళ్ళీ గుంపుగా రాలుతుందని, అది సహజమని, అప్పుడు కొత్త నూనె కొనే ముందు హీమోగ్లోబిన్ చూపించుకోవాలని భర్తకు కూడా ఆ రోజే చెప్పాను.